రెండో మలుపులో మూత

ట్రాక్ బాగుంటే రైడర్లని పొగుడుతారు, బాగోలేకపోతే నన్ను తిడతారు. గ్రాబోవ్నో స్టేడియంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా ఉద్యోగం ఇదే. నా పేరు జెనోన్ పకూవా. ఊళ్ళో జెనెక్ అంటారు, కుర్రాళ్ళు జెనెక్ బాబాయ్ అంటారు. ఒకప్పుడు నేనూ స్పీడ్‌వే పందేల్లో మోటారుసైకిల్ తోలినవాణ్ణే. తుంటి విరిగాక బండి దిగి ట్రాక్టర్ ఎక్కాను.

బ్రేకుల్లేని బండ్లు నాలుగు, చుట్లు నాలుగు, తిరగడం ఎప్పుడూ ఎడమకే; అదొక హీట్. ఇంతోటి దానికి ఊరంతా చొక్కాలు చించుకోవడం దేనికని వార్సా నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళు బండ్లని చూస్తారు, మేం మట్టిని చూస్తాం. ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ వదులుగా ఉంది, ఎన్నో హీట్‌కి ఎక్కడ చక్రానికి పట్టు దొరుకుతుంది, ఇది తెలిసినవాడు గెలుస్తాడు. ఆ మట్టిని తయారుచేసేది నేను. అందుకని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఉండేది అనే అంటున్నాను.

ముందు మూత సంగతి చెప్పాలి. మలుపులో కంచె పక్కన నాలుగు మీటర్ల వెడల్పున మట్టిని గుంటకతో జానెడు లోతు దున్నుతాను. నీళ్ళు కొడతాను. రెండెండలకి అది సగం ఆరుతుంది. అప్పుడు దాని మీద రెండువేళ్ళ మందాన పొడిమట్టి పరిచి రోలర్‌తో తొక్కిస్తాను. పైకి గచ్చులా కనిపిస్తుంది. తనిఖీకి వచ్చినాయన మడమతో నాలుగు తన్నులు తన్ని, బాగుందని సంతకం పెట్టి పోతాడు. తొమ్మిదో హీట్ దాటేసరికి ఆ పైపొర చిట్లి, కింద ఉన్న వదులు మట్టి బయటికొస్తుంది. ఇక కంచె వారగా వెళ్ళేవాడి వెనకచక్రం ఆ మట్టిని కరిచి పట్టుకుంటుంది, లోపలి గీత పట్టుకుని తిరిగేవాళ్ళని అమాంతం దాటేస్తాడు. ఎప్పుడు తెరుచుకుంటుందో మా వాళ్ళకి మాత్రమే తెలుస్తుంది. దీన్నే మేం మూత అంటాం. మోసం కాదా అంటారా? ఈ దేశంలో ఏ ఊరి ట్రాక్ మనిషినైనా అడగండి. సొంత గడ్డ మీద సొంతవాళ్ళకి అనువుగా మట్టి చెయ్యనివాణ్ణి వెధవకింద జమకడతారు.

కిందటి సెప్టెంబరులో ఇరవై ఒక్క ఏళ్ళలోపు కుర్రాళ్ళ జట్ల అంతర్జాతీయ పోటీ ఫైనల్ మా ఊళ్ళో పెట్టారు. పోలండ్, డెన్మార్క్, స్వీడన్, బ్రిటన్. మా జట్టు కెప్టెన్ గ్రాట్సియన్ సోవా, మా ఊరివాడే, పంతొమ్మిదేళ్ళు. వాడి తల్లి బొజెనా రొట్టెల దుకాణంలో పనిచేస్తుంది. తొమ్మిదేళ్ళప్పుడు చిన్న బండి తోసుకుంటూ నా షెడ్‌కి వచ్చాడు. మట్టిని వేళ్ళ మధ్య నలిపి చూడడం వాడికి నేనే నేర్పాను. తండ్రి లేడు వాడికి. నాకు పిల్లల్లేరు. ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదనుకుంటాను.

డెన్మార్క్ జట్టులో యెప్పె అని ఒకడున్నాడు, పద్దెనిమిదేళ్ళవాడు. వాడు పరాయివాడేం కాదు. లీగ్ పోటీల్లో రెండేళ్ళుగా మా గ్రాబోవ్నో క్లబ్బుకే ఆడుతున్నాడు. బొజెనా ఇంట్లో మేడ మీది గదిలో ఉంటాడు. గ్రాట్సియన్, వాడు ఒకే కంచంలో తినే రకం. వేసవంతా ఇద్దరికీ కలిపే చెప్పేవాణ్ణి, మూత ఎక్కడ వేశానో, ఎప్పుడు తెరుచుకుంటుందో. మా భాష రెండేళ్ళలో బాగానే నేర్చుకున్నాడు గానీ ఆడా మగా తేడా లేకుండా మాట్లాడేవాడు. వాణ్ణి దిద్దితే సరదా పోతుందని మేమెవరం దిద్దలేదు.

ఫైనల్ రోజు పొద్దున్నే ఇద్దరూ నా షెడ్ దగ్గరికి వచ్చారు.

"బాబాయ్, ఇవాళ ట్రాక్‌లో ఏం వండింది?" అన్నాడు యెప్పె.

"ఇవాళ నువ్వు డెన్మార్క్ వాడివి. నీకు వంట చూపించను. పో, పోయి మీవాళ్ళనడుగు" అన్నాను.

"నిన్న మా అమ్మ వీడికి పన్నెండు పియెరోగీ కుడుములు పెట్టింది బాబాయ్. మింగేటప్పుడు ఏ దేశమో మరి!" అన్నాడు గ్రాట్సియన్.

"పద్నాలుగు" అన్నాడు యెప్పె. "తక్కువ చెప్పకు, అమ్మకి కోపం వస్తుంది."

ముగ్గురం నవ్వుకున్నాం. యెప్పె వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి, "ఒక్క చిన్న మాట కూడా చెప్పదా?" అన్నాడు. నేను చెయ్యి ఊపి పొమ్మన్నాను. వాడు వేళాకోళానికి అడగలేదని నాకు తెలుసు. తెలిసీ వేళాకోళం చేశాను.

ఎందుకంటే రెండో మలుపు సంగతి అప్పటికే నాకు తెలుసు. బుధవారం రెండో మలుపు దున్ని నీళ్ళు కొట్టాను. గురువారం నాలుగు గంటలపాటు కుండపోత. శుక్రవారం పొద్దున వెళ్ళి పార దించి చూస్తే కింద మట్టి కాదు, బురద. ఆ పళంగా కోచ్ రిషార్ద్ దగ్గరికి వెళ్ళాను. యువజట్టు కోచ్ ఆయన. మేమిద్దరం కుర్రతనంలో కలిసి బండ్లు తోలాం.

"రిషార్ద్, కింద ఆరలేదు. దీని మీద మూత వేస్తే వదులు రాదు, గుంట పడుతుంది. విప్పి ఆరబెట్టాలి."

"ఎంతసేపు పడుతుంది?"

"ఒకటిన్నర రోజు. ఎండ కాస్తే."

"రేపు రెండింటికి తనిఖీ. విప్పేసి ఉంటే ఆ చెక్ దేశపు అధికారి ఊరుకుంటాడా? మొత్తం రాయిలా తొక్కించమంటాడు. రాయిలాంటి ట్రాక్ మీద డెన్మార్క్ వాళ్ళు మనల్ని నమిలి ఉమ్మేస్తారు." నా భుజం మీద చెయ్యేశాడు. "ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నావ్ జెనెక్. నీ మూత ఎప్పుడైనా తప్పిందా? ఈ దేశంలో నీ చెయ్యి లాంటి చెయ్యి ఇంకొకటి లేదు."

ఆయన బలవంతం చేశాడని చెప్పను. పొగిడాడు, అంతే. నేను ఉబ్బిపోయి, వెళ్ళి బురద మీద మూత వేశాను. శనివారం రెండింటికి తనిఖీ అధికారి మడమతో నాలుగు తన్నులు తన్ని సంతకం పెట్టాడు.

సాయంత్రం అయిదింటికి పోటీ మొదలైంది. పన్నెండు వేలమంది. పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు ఉమ్ముతూ, ఒళ్ళో పెట్టుకున్న కార్యక్రమ పుస్తకంలో ఒక్కో హీట్‌కీ పాయింట్లు రాసుకుంటూ, గొంతులు చించుకుంటూ. మా ఆవిడ హాలీనా కూడా అక్కడే, ఎప్పుడూ కూర్చునే నాలుగో వరసలో. మొత్తం ఇరవై హీట్లు. తొమ్మిదో హీట్ దాకా డెన్మార్క్ వాళ్ళు మమ్మల్ని ఊపిరాడనివ్వలేదు. పదో హీట్‌లో గ్రాట్సియన్ కంచె వారగా వచ్చి ఇద్దర్ని దాటేశాడు. మూత తెరుచుకుందన్నమాట. స్టేడియం లేచి నిలబడింది. రిషార్ద్ దూరం నుంచి నాకు బొటనవేలు చూపించాడు. నేనూ బొటనవేలు ఎత్తాను.

పదమూడో హీట్ అయ్యాక గ్రాట్సియన్ హెల్మెట్ చంకలో పెట్టుకుని నా ట్రాక్టర్ దగ్గరికి వచ్చాడు. మలుపుల్లో ఊతం కోసం ఎడమ బూటుకి వేసుకునే ఇనుప తొడుగు నేలకి తగిలి ఈడ్చుకుంటున్న చప్పుడు. ముఖం నిండా మట్టి.

"బాబాయ్, రెండో మలుపు బాలేదు. వదులు కాదది. మెత్తగా దిగిపోతోంది. ఇప్పుడే ముందుచక్రం ఒక్క దెబ్బ కొట్టింది, చేతులు ఊడొచ్చాయి."

"ఎంత లోతు?"

"బూటు మునిగేంత. ఒక్కచోటే, మలుపు బయటికి వచ్చే దగ్గర. బాగుచెయ్యవా?"

పదమూడో హీట్ తర్వాత నేను చెయ్యెత్తి రిఫరీకి చెప్పి ఉండాల్సింది. గుంట పడింది, ఆపండి, తవ్వి పొడిమట్టితో పూడ్చాలి అని. అది నా హక్కు, నా పని. కానీ తవ్వితే కింద ఉన్న బురద పన్నెండు వేలమందికీ, ఆ చెక్ ఆయనకీ కనిపిస్తుంది. గుంట ఎందుకు పడిందో ప్రతి ట్రాక్ మనిషికీ తెలుస్తుంది. జెనెక్ మూత తప్పిందని తెలుస్తుంది.

"గుంటని కుడివైపు వదిలేసి దాని అంచు వెంటే పో" అన్నాను. "మధ్యలో ఎక్కడా వేగం తగ్గించకు. యాక్సిలరేటర్ మీద చెయ్యి వదిలావా, అది నిన్ను పడేస్తుంది."

వాడు నావైపు చూశాడు. పదేళ్ళుగా నేనేం చెబితే అది వేదం వాడికి. "సరే బాబాయ్" అని వెళ్ళిపోయాడు.

పదహారో హీట్ తర్వాత ట్రాక్ సర్దే విరామం. ట్రాక్టర్‌తో చుట్టూ గీకాను. రెండో మలుపు దగ్గరికి వచ్చేసరికి రిషార్ద్ గుడారాల దగ్గర నుంచి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు, బయటి వైపు ముట్టుకోవద్దని. అప్పటికి డెన్మార్క్ రెండు పాయింట్ల ముందుంది. నేను గుంటకని పైకెత్తి ఆ నాలుగు మీటర్లనీ వదిలేశాను.

పద్దెనిమిదో హీట్. ఒక బ్రిటన్ వాడు, ఒక స్వీడన్ వాడు, యెప్పె, గ్రాట్సియన్. యెప్పె అందరికన్నా ముందు దూకాడు. వాడు తెలివైనవాడు. మా ట్రాక్ వాడికి తెలుసు, గ్రాట్సియన్ ఎటు నుంచి వస్తున్నాడో పదో హీట్ నుంచీ చూస్తున్నాడు. వెనక నుంచి తన మిత్రుడు బయటి దారిన వస్తాడని వాడికి తెలుసు. ఆ దారి మూసెయ్యాలని రెండో మలుపులో తనే కంచె వారకి జరిగాడు. మూత ఉందని ఊహించాడు. దాని కింద ఏముందో వాడికి చెప్పినవాడు లేడు.

ముందుచక్రం దిగిపోయింది. బండి అడ్డం తిరిగి నేల మీద పడింది, యెప్పె దాని కింద. గ్రాట్సియన్ వెనకే ఉన్నాడు, అదే దారిలో, వేగం తగ్గించకుండా. నేను చెప్పినట్టే. గాలిదిండ్ల కంచె మీదకి వెళ్ళినా బతికేవాడు. వాడు యెప్పె మీదకి ఎక్కించకూడదని బండిని పడేశాడు, పడేసి యెప్పె బండి ఇంజనుకి తల కొట్టుకున్నాడు. తర్వాత స్టేడియంలో వినిపించింది ఒక్క ఇంజను మాత్రమే. అది యెప్పెది, ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవరో వెళ్ళి ఆపారు.

అంబులెన్సు వచ్చింది. చుట్టూ తెల్లగుడ్డలు పట్టుకుని నిలబడ్డారు. ఇరవై నిమిషాల తర్వాత అంబులెన్సు గేటు దాటగానే వైర్‌లెస్‌లో మామూలుగా వచ్చే మాటే వచ్చింది: ట్రాక్ సరిచెయ్యండి. ఎవరు పడ్డా, ఎంత పడ్డా, తర్వాత నా ట్రాక్టర్ బయటికి రావాలి. అది పద్ధతి. నా కాళ్ళు వాటంతట అవే ఎక్కాయి, నా చేతులు వాటంతట అవే గేరు వేశాయి. ఆ గుంటలో పొడిమట్టి పోసి, నాలుగుసార్లు రోలర్ తిప్పాను. నెత్తురు కూడా అందులోనే కలిసిపోయింది. ఎవరూ నన్ను ఆపలేదు, ఎవరూ ఒక్క ఫొటో తియ్యలేదు. ఏం చేస్తున్నానో నాకు దిగాక తెలిసింది. చూసుకుంటే గచ్చులా నున్నగా ఉంది.

ముప్పావుగంటకి మైకులో చెప్పారు, గ్రాట్సియన్ పోయాడని. పోటీ ఆపేశారు. పతకాలెవరూ తీసుకోలేదు. కొందరు డెన్మార్క్ గుడారాల వైపు సీసాలు విసిరారు. "హంతకుడా" అని అరిచారు. యెప్పెని అప్పటికే ఆస్పత్రికి తీసుకెళ్ళారు, భుజం ఎముక విరిగింది. వాడా అరుపులు వినలేదు గానీ తర్వాత చూడనే చూశాడు, ఫోనులో.

సోమవారం విచారణకి ముగ్గురు టై కట్టుకున్నవాళ్ళు వచ్చారు. ట్రాక్ చుట్టూ నడిచి, రెండో మలుపు దగ్గర ఆగి, మడమలతో తన్నారు. "ట్రాక్ పరిస్థితి ఎలా ఉంది?" అని అడిగారు. "తనిఖీ అయింది, సంతకం ఉంది" అన్నాను. అది అబద్ధం కాదు. కాకపోతే ఏం? అబద్ధం కన్నా హీనం. చివరికి వాళ్ళు తేల్చింది ఇది: ముందున్న రైడర్ మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలేయడం వల్ల బండి అదుపు తప్పింది. మా ఆటలో దీన్ని మించిన తిట్టు లేదు. బ్రేకుల్లేని బండిని మలుపులో నిలబెట్టేది ఆ చేతిలో ఉన్న యాక్సిలరేటరే. దాన్ని వదిలినవాడు పిరికివాడు, వెనకవాణ్ణి చంపేవాడు.

ఇంటికి వెళితే హాలీనా సూప్ పోస్తూ అడిగింది. "నిజంగానే ఆ పిల్లాడు చెయ్యి వదిలేశాడా?"

"వదిలేశాడు" అన్నాను.

ఆమె రొట్టె కోసి నా ముందు పెట్టింది. ఆమె కార్యక్రమ పుస్తకం బల్ల మీద ఉంది. పదిహేడో హీట్ దాకా నిండి ఉంది.

ఆ సాయంత్రమే బొజెనా యెప్పె సామాను మూటగట్టి మెట్ల మీద పెట్టేసిందని విన్నాను. వాడు ఆస్పత్రి నుంచి వచ్చి, ఒంటిచేత్తో ఆ సంచీ పట్టుకుని, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయాడట. పక్క ఊళ్ళో ఏదో హోటల్లో ఉన్నాడట.

మంగళవారం బొజెనా నా షెడ్‌కి వచ్చింది. దుకాణం ఏప్రన్‌తోనే వచ్చింది. దుకాణంవాళ్ళు రమ్మనలేదట, ఇంట్లో ఉండలేక తనే పనికి వెళ్ళిందట.

"జెనెక్ గారూ, గురువారం పన్నెండింటికి. వాణ్ణి ఒక చుట్టు తిప్పుతామన్నారు కదా."

మా దగ్గర ఉన్న ఆచారమే అది. ట్రాక్ మీద పోయిన రైడర్ శవపేటికని, మీద హెల్మెట్ పెట్టి, పోటీకి ముందు రైడర్లని ఊరేగించే లారీ మీద ఒక చుట్టు తిప్పి, అప్పుడు చర్చికి తీసుకెళ్తారు.

"అవును" అన్నాను.

"ట్రాక్ బాగా చెయ్యండి. వాడు ఎప్పుడూ చెప్పేవాడు, జెనెక్ బాబాయ్ చేసిన ట్రాక్ మీద కళ్ళు మూసుకుని తోలొచ్చని."

నేను తల ఊపాను. ఆమె నా చెయ్యి పట్టుకుని నొక్కి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి నాకు కాలిపోయినట్టుంది.

బుధవారమంతా ట్రాక్ మీదే ఉన్నాను. రెండో మలుపు దగ్గర పార దించి చూశాను. పైన ఆరింది, కింద అలాగే ఉంది, ముద్దలా. మొత్తం తవ్వి పొడిమట్టి నింపొచ్చు. కానీ ప్రేక్షకులు కూర్చునే గట్ల మీద పూలు పెట్టడానికి, కొవ్వొత్తులు వెలిగించడానికి జనం వస్తూనే ఉన్నారు. వాళ్ళ ముందు ఆ బురద ఎలా తియ్యను? మళ్ళీ పొడిమట్టి పరిచాను. మళ్ళీ రోలర్ తొక్కించాను. మళ్ళీ మూత వేశాను, ఈసారి వాడి శవపేటిక కోసం. సిగ్గులేదా అంటారా? ఉంది. సిగ్గు వల్లే కదా వేసింది.

గురువారం ఎనిమిది వేలమంది వచ్చారు. ఎవరూ గింజలు కొరకడం లేదు. పదకొండున్నరకి పెద్దగేటు దగ్గర గొడవగా ఉంటే వెళ్ళాను. యెప్పె నిలబడి ఉన్నాడు, భుజానికి కట్టు, ఒంటి మీద నల్లకోటు. మా క్లబ్బు కండువాలు వేసుకున్న నలుగురు కుర్రాళ్ళు దారికి అడ్డంగా ఉన్నారు.

"ఏం మొహం పెట్టుకుని వచ్చావ్రా?"

"పోరా మీ దేశానికి!"

యెప్పె గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కదలడం లేదు.

"తప్పుకోండి" అన్నాను. "వీడు నాతో వస్తున్నాడు."

"బాబాయ్, వీడు గ్రాట్సియన్‌ని..."

"తప్పుకోమన్నాను కదరా!" అని అరిచాను. ఆ అరుపు ఎవరి మీదో నాకే తెలుసు. వాణ్ణి ట్రాక్టర్ గేటు గుండా లోపలికి తీసుకొచ్చాను. షెడ్ వెనక ఆగాం.

"అమ్మ నన్ను చూస్తే కోపం చేస్తుంది" అన్నాడు. "నేను వెనక నడుస్తుంది. దూరంగా."

"నడు."

"బాబాయ్, నేను చాలా గుర్తుచేసుకుంది. చెయ్యి వదిలిందా, వదల్లేదా. గుర్తు రావడం లేదు. పట్టుకునే ఉంది అనుకుంటుంది. కానీ అందరూ వదిలింది అంటున్నారు. పెద్దవాళ్ళు రాసింది కదా. అయితే వదిలింది." నేల చూస్తూ చెబుతున్నాడు. "బండ్లు అమ్మేసింది. రేపు వెళ్ళిపోతుంది. ఇంక ఎప్పుడూ ఎక్కదు. నేను చంపింది, బాబాయ్."

వాడి ముఖం చూస్తూ ఆ ఒక్క ముక్కా చెప్పేస్తే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. అరవై రెండేళ్ళవాణ్ణి, పద్దెనిమిదేళ్ళవాడు నా తప్పుని తల మీద పెట్టుకుని నా ముందు నిలబడితే, నేను నోరు మూసుకున్నాను. నన్ను నేను అసహ్యించుకున్న క్షణం అది, రోలర్ తిప్పినప్పటి కన్నా ఎక్కువగా.

అప్పుడే లారీ తోలే ఫ్లోరెక్ వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"జెనెక్ గారూ, ఎటు నుంచి పోనివ్వమంటారు? లోపలి గీత పట్టుకుని పోనా? అటు గట్టిగా ఉంటుంది కదా."

ఔను అంటే అయిపోయేది. లారీ చుట్టు తిరిగేది, చర్చి గంటలు మోగేవి, యెప్పె మర్నాడు విమానం ఎక్కేవాడు. ఆ మట్టిని చలికాలంలో తీరిగ్గా తవ్వి పారేసేవాణ్ణి.

"బయట నుంచి పోనియ్" అన్నాను. "కంచె వారగా. గ్రాట్సియన్ ఎప్పుడూ అటే పోయేవాడు."

"రెండో మలుపులో కూడానా?"

"రెండో మలుపులో కూడా."

ధైర్యం అనుకోకండి. నోటితో చెప్పలేని పిరికివాడు మట్టి చేత చెప్పించాడు, అంతే.

లారీ నడక వేగంతో కదిలింది. పేటిక మీద ఎర్ర హెల్మెట్. వెనక బొజెనా, ఆమె పక్కన రిషార్ద్, తర్వాత జట్టు కుర్రాళ్ళు, తర్వాత నేను. చివర్న చాలా దూరంగా యెప్పె. మొదటి మలుపు అయింది. వెనకవైపు తిన్నని దారి అయింది. రెండో మలుపు మొదలైంది. నా కళ్ళు లారీ కుడి వెనకచక్రం మీదే ఉన్నాయి. మలుపు బయటికి వచ్చే దగ్గర ముందుగా చిన్నగా చిట్లిన చప్పుడు. తర్వాత ఆ చక్రం ఇరుసు దాకా దిగిపోయింది.

లారీ ఒరిగింది. పేటిక తాళ్ళతో కట్టి ఉండడంతో జారలేదు గానీ, హెల్మెట్ దొర్లి కింద పడింది. జనంలోంచి ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడు వచ్చింది. ఎవరూ కదల్లేదు. యెప్పె పరిగెత్తుకొచ్చి హెల్మెట్ తీశాడు. దాన్ని గుండెకి ఆనించుకుని చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చక్రం చుట్టూ నల్లటి నీళ్ళు ఊరుతున్నాయి. వాడు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, బాగున్న చేతిని ఆ బురదలో పెట్టాడు. మణికట్టు దాకా వెళ్ళింది. తీసి ఆ చేతిని చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"వారం నుంచి వాన చుక్క లేదు" అంది బొజెనా. "ఇక్కడ నీళ్ళెక్కడివి?"

"కింద ఏదో పైపు పగిలి ఉంటుందమ్మా" అన్నాడు రిషార్ద్ వెంటనే. నావైపు చూశాడు, కళ్ళతో బతిమాలుతూ. "కదా జెనెక్?"

"అక్కడ పైపు లేదు" అన్నాను. "అది మూత. నేనే వేశాను. కింద తడి ఉందని తెలిసీ వేశాను. విచారణవాళ్ళకి చెప్పలేదు. యెప్పె చెయ్యి వదల్లేదు. అక్కడికి ఎవడొచ్చినా పడేవాడే."

"జెనెక్!" అన్నాడు రిషార్ద్.

"గ్రాట్సియన్ నాకు చెప్పాడు" అన్నాను. ఇది చెప్పక తప్పదు. "పదమూడో హీట్ తర్వాత వచ్చి, గుంట పడింది, బాగుచెయ్యమన్నాడు."

బొజెనా శాలువా బిగించుకుంది. "మీరేమన్నారు?"

"వేగం తగ్గించకు అన్నాను."

ఆమె నావైపు ఒక అడుగు వేసింది. కొడుతుందనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను. ఆమె తిరిగి యెప్పె దగ్గరికి వెళ్ళి, వాడి చేతికి అంటిన బురదని తన నల్లశాలువాతో తుడిచింది. ఒక్కో వేలూ తుడిచింది. వాడు చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు. "పైకెక్కు" అంది. "వాడి పక్కన కూర్చో. హెల్మెట్ నువ్వే పట్టుకో."

తర్వాత నావైపు తిరిగింది. పాతికేళ్ళ పరిచయంలో ఎప్పుడూ గారు లేకుండా పిలవని మనిషి.

"పార తెచ్చుకో జెనెక్. అడుగుదాకా తవ్వి పూడ్చు. నా కొడుకు ఈ చుట్టు పూర్తి చెయ్యాలి."

కుర్రాళ్ళు లారీని ఎత్తి పక్కకి జరిపారు. నేను పార తెచ్చి తవ్వాను. ఫ్లోరెక్ ఇంకో పార పట్టుకుని రాబోతే బొజెనా చెయ్యి అడ్డం పెట్టింది. ఎనిమిది వేలమంది నిలబడి చూశారు. ఎవరూ తిట్టలేదు. బురదంతా ఎత్తి కంచె పక్కన కుప్ప పోశాను, కొంతమేర అది ఎర్రగా ఉంది. అడుగున గట్టినేల తగిలింది. తోపుడుబండితో పొడిమట్టి తెచ్చి, పొర పొరకీ కాళ్ళతో తొక్కుతూ నింపాను. తుంటి సలుపుతోంది. పేటిక మీద ఎండ పడుతోంది, యెప్పె నీడ దాని మీదుగా ఉంది.

లారీ ఆ చోటు మీదుగా వెళ్ళింది. నేల కదల్లేదు.

స్టేడియం గడియారం చూశాను. నలభై నిమిషాలు పట్టింది. పదమూడో హీట్ తర్వాత చెయ్యెత్తి ఆపమని అడిగి ఉన్నా, సరిగ్గా అంతే పట్టేది.